మూత పెట్టిన గుండిగ

మా ఇంట్లోకి కొత్తగా ఎవరొచ్చినా మర్నాడు పొద్దున తీపిగంజి తాగాలి. అల్లుడైనా అంతే, కోడలైనా అంతే. బియ్యం నానబోసి, మెత్తగా రుబ్బి, పల్చగా ఉడికించి, బెల్లం నీళ్లూ కొబ్బరి కోరూ శొంఠిపొడీ వేస్తే తీపిగంజి అవుతుంది. గొప్ప వంటకమేమీ కాదు. ఇప్పటి పిల్లలు గ్లాసులోకి తొంగిచూసి, ఇదేం టిఫిన్ అన్నట్టు మొహం పెడతారు. కానీ మేం గంజి ఒక్కటే పెట్టం, దాంతో పాటు ఒక కథ కూడా వడ్డిస్తాం. ఆ కథ ముందు సగం మా బాబాయిది, వెనక సగం నాది. నవ్వు వచ్చేదంతా నా సగంలోనే ఉంటుంది. ఎన్ని పెళ్లిళ్లలో, ఎంతమంది కొత్తవాళ్ల ముందు చెప్పానో. ప్రతిసారీ కడుపులు పట్టుకుని నవ్వేవాళ్లు. గొప్పలు పోతున్నానని అనుకోకపోతే, ఆ కథలో ఇల్లు నిలబెట్టింది నేనే.

మొన్న మాఘమాసంలో మా పిన్ని కొడుక్కి పెళ్లయింది. కోడలు కాపురానికి వచ్చిన మర్నాడు విజయవాడలో వాళ్లింట్లో తీపిగంజి. నేను ఇబ్రహీంపట్నం నుంచి ఒక రోజు ముందే వెళ్లాను. ఆ మధ్యాహ్నం బెల్లం కొనాలని పిన్ని నన్ను వెంటబెట్టుకుని బజారుకు బయల్దేరింది. అక్కడ తను చెప్పిన నాలుగు మాటలతో నా సగం కథ నా చేతుల్లోంచి జారిపోయింది. అప్పట్నించీ నాకు కుదురు లేదు. అసలే నాకు కుదురు తక్కువ.

ముందు కథ చెబుతాను, మేం ఎప్పుడూ చెప్పుకునే పద్ధతిలోనే.

మాది నేత ఇల్లు. చల్లపల్లి దాటాక కాలవగట్టు వెంట కాసేపు వెళితే మా ఊరొస్తుంది. వీధంతా మగ్గాలే. చీరలో నిలువునా ఉండే దారాలన్నిటినీ కలిపి పడుగు అంటారు. దాన్ని మగ్గానికి ఎక్కించే ముందు గంజి పట్టించాలి, లేకపోతే నేసేటప్పుడు దారం పుటుక్కున తెగుతుంది. గంజి పట్టించే రోజు ఇంట్లో చోటు చాలదు. వీధి పొడవునా పడుగు సాగదీసి, కింద కర్రలు నిలబెట్టి, మా నాన్న ఒక పక్కా బాబాయి ఒక పక్కా నడుస్తూ పెద్ద కుంచెలతో గంజి రాసి దువ్వేవాళ్లు. ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకి. ఎండ ముదిరితే గంజి దారంలోకి దిగకముందే ఆరిపోయి అట్ట కడుతుంది. అందుకని చీకటితోనే మొదలుపెట్టి ఎండెక్కేలోపు ముగించాలి.

అప్పటికి తాతయ్య లేడు. ఇల్లు నాయనమ్మ చేతిమీదుగా నడిచేది. గంజి రోజున ఆవిడది ఒకటే రూలు. ముందు పడుగు తాగాలి, తర్వాతే మనం. పడుగు ఆరి, దాన్ని చుట్ట చుట్టి లోపలికి తెచ్చేదాకా పెద్దా చిన్నా ఎవరి నోట్లోనూ ఏదీ పడటానికి వీల్లేదు. పొయ్యి మీద రెండు గిన్నెలుండేవి. పెద్ద గుండిగలో పడుగు కోసం గంజి, పక్కనే చిన్న తపేలాలో మా కోసం గంజి. రెంటిదీ ఒకే బియ్యం, ఒకే రుబ్బు. పెద్ద గుండిగలో కాస్త నూనె పడేది. చిన్న తపేలాలో బెల్లం పడేది. ఆ బెల్లం వాసన వీధి చివరిదాకా వచ్చేది.

నాకప్పుడు బడికి వెళ్లే వయసు వచ్చీరానట్టుంది. పడుగు కిందికి మేకలూ కుక్కపిల్లలూ దూరకుండా చూడటం నా పని. చెయ్యడానికి పెద్దగా ఏమీ లేని పని. పక్కన నాన్నావాళ్లు తిరుగుతుంటే కింద నేను తిరిగేదాన్ని. కడుపులో ఆకలి, ముక్కుకి బెల్లం వాసన. ఆరిందా, ఇంకా ఆరలేదా? చుడతారా, ఇంకా చుట్టరా? ఇంట్లోకి వెళ్లి తపేలా చూసి వచ్చేదాన్ని. వీధిలోకొచ్చి సూర్యుడు ఎక్కడున్నాడో చూసేదాన్ని. మళ్లీ ఇంట్లోకి.

"ఏంటే ఆ కాలుగాలిన పిల్లి తిరుగుడు? నువ్వు తిరిగితే దారం తొందరగా ఆరిద్దా?" అని నాయనమ్మ అరుగు మీద నుంచి అరిచేది.

ఇప్పటికీ పొద్దున్నే లేచి కాఫీ తాగేదాకా ఇల్లంతా తిరుగుతాను. మా ఆయన పేపరు దించి నావైపు చూసి మళ్లీ ఎత్తుకుంటాడు. ఇరవై నాలుగ్గంటలూ ఏదో ఆరాలన్నట్టు, దాన్ని చుట్టాలన్నట్టు ఉంటుంది నాకు.

ఆ ఏడాది ఎండాకాలంలో బాబాయికి పెళ్లయింది. పిన్ని విజయవాడ పిల్ల. వాళ్ల నాన్నకి వన్‌టౌన్‌లో చిన్న బట్టల కొట్టు. అంటే మా కులమే, మా చీరలు అమ్మే మనుషులే, కానీ మగ్గం గదిలో అడుగుపెట్టని ఇల్లు. ఆవిడ నడక కూడా మా వీధి నడక కాదు. వేగంగా నడిచేది, ఎక్కడికో టైమైపోతున్నట్టు. సాయంత్రాలు నా చెయ్యి పట్టుకుని కాలవగట్టు దాకా తీసుకెళ్లి, బస్సులు పోతుంటే నిలబడి చూసేది. బ్యారేజీ మీద గాలి ఎలా కొడుతుందో, కాలేజీకి వెళ్లే సిటీ బస్సులో ఎవరెవరు ఎక్కడెక్కడ ఎక్కుతారో నాకు చెప్పేది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేది. తర్వాత ఏమైందని నేను చీర కుచ్చెళ్లు పట్టి లాగేదాన్ని. ఆ ఇంట్లో నాలాగే కాలు నిలవని మనిషి ఇంకొకరు దొరికారని నాకు మహా సంతోషంగా ఉండేది. నాకు ఆవిడంటే ప్రాణం. ఆషాఢానికి పుట్టింటికి వెళితే బెంగతో నాకు జ్వరం వచ్చింది. శ్రావణం రాగానే వాళ్ల నాన్న తీసుకొచ్చి దింపివెళ్లాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే ఆ గంజి రోజు.

ఇక్కడిదాకా బాబాయి చెబుతాడు. నా సగం ఇక్కడ మొదలు.

శ్రావణం కదా, మబ్బు. అసలు ఆ రోజు గంజి పెట్టాలా వద్దా అని నాన్నా బాబాయీ ఆకాశం వంక చూస్తూ తర్జనభర్జన పడ్డారు. దసరా చీరలు ఆ పడుగు మీదే నెయ్యాలి. ఆలస్యం చేస్తే నూలిచ్చి చీరలు నేయించుకునే షావుకారు ఇంకో ఇంటికి పోతాడు. సరే, వాన రాకపోతే మన అదృష్టం అనుకుని సాగదీశారు. నాయనమ్మ గంజి ఉడికించి, తొరక కట్టకుండా పెద్ద గుండిగకి మూత పెట్టి, బెల్లం నీళ్లు వడగట్టిన చెంబు పిన్ని చేతికిచ్చి, చిన్నదాంట్లో పొయ్యమని చెప్పి వీధిలోకి వచ్చేసింది. కాసేపటికి బాబాయి వెళ్లి మూత పెట్టిన గుండిగ ఎత్తుకొచ్చాడు. ఇద్దరూ కుంచెలు ముంచి మొదలెట్టారు. మామిడిచిగురు రంగు పడుగు. ఆ మసక చీకట్లో గంజి రంగు ఎవరు చూస్తారు?

తడి పడుగుని పిల్లలు ముట్టుకోకూడదు. నేను ముట్టుకునేదాన్ని. ఒక్క వేలితో, ఎవరూ చూడకుండా. చల్లగా జిగటగా భలే ఉండేది. ఆ రోజు ఆకలి మీద ఉన్నాను. వేలు తీసి నోట్లో పెట్టుకున్నాను.

"నాయనమ్మో! పడుగు తియ్యగుందే!"

వీధి వీధంతా వినబడేలా అరిచాను. నా గొంతు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. నాయనమ్మ పరిగెత్తుకొచ్చి దారం రెండు వేళ్ల మధ్య నలిపి, నాలిక మీద పెట్టుకుంది. నాన్న కుంచె ఆపేశాడు. పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో ఖాళీ చెంబు. అప్పటికే ఒక కర్ర మొదట్లో చీమలు బారులు తీరుతున్నాయి. మా పక్కింట్లో ఒక కోడలు దీపం తగిలించి పడుగు కాల్చిందని అంతకుముందే పుట్టింటికి పంపేశారు. అందరికీ అదే గుర్తొచ్చి ఉంటుంది.

నాయనమ్మ ముందు పిన్ని వైపు చూసింది. తర్వాత లోపలికెళ్లి పొయ్యి చూసి వచ్చింది. వచ్చి, పకపకా నవ్వింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! పడుగుకి పానకం తాగించావటే తల్లీ! పైగా పాపం, పోసింది పోసినట్టు మళ్లీ జాగ్రత్తగా మూత కూడా పెట్టింది!"

ఆ మూత మాట దగ్గర వీధి మొత్తం ఘొల్లుమంది. కథలో ఇప్పటికీ అక్కడే అందరూ పడి పడి నవ్వుతారు. నేను కూడా ఆ మూతని సాగదీసి, చేత్తో పెట్టి చూపించి మరీ చెబుతాను. నాన్న నవ్వాడు, బాబాయి నవ్వాడు, చివరికి పిన్ని కూడా నవ్వింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చారు. గంజి ఇంకా తడిగా ఉంది కాబట్టి సరిపోయింది. కడిగారు, మళ్లీ గంజి కాచారు, మళ్లీ దువ్వారు. మబ్బు విడిచింది. ఏ మధ్యాహ్నానికో పడుగు చుట్టి లోపలికి తెచ్చారు. అప్పుడు నాయనమ్మ పక్కింటి నుంచి బెల్లం తెప్పించి, తీపిగంజి కలిపి, మొదటి గ్లాసు నిండా పోసి, పైన ఇంకో గరిటెడు బెల్లం నీళ్లు వేసి పిన్ని చేతికిచ్చింది.

"పడుగుకి తీపి తాగించిన మనిషి. ఇక నుంచి ముందు గ్లాసు మా చిన్న కోడలిదే" అంది.

రెండో గ్లాసు నాకు. పడుగుని కాపాడినందుకు.

అలా మొదలైన మర్యాద మా ఇంట్లో ఇన్నేళ్లూ నిలబడింది. మగ్గాలు పోయాయి. నాయనమ్మ పోయింది. బాబాయీ పిన్నీ విజయవాడ వచ్చి, పిన్ని వాళ్ల నాన్న కొట్టు పక్కనే చీరల కొట్టు పెట్టుకున్నారు. నేను ఎక్కడెక్కడో ఉద్యోగం చేసి చివరికి ఇబ్రహీంపట్నంలో తేలాను. ఇప్పుడు వీధిలో సాగదీసే పడుగూ లేదు, మనకన్నా ముందు తాగాల్సింది ఏదీ లేదు. అయినా ఇంటికి కొత్త మనిషి వస్తే తీపిగంజి కాస్తాం. బెల్లం నీళ్లు అందరి ముందూ కలపాలి, లేకపోతే పిన్ని మళ్లీ ఎందులో పోస్తుందో అని వేళాకోళం. ముందు గ్లాసు తియ్యతియ్యగా పిన్నికి. "మాకేనా, పడుగుకా?" అని అందరూ అడగాలి. పిన్ని నవ్వాలి. నవ్వేది కూడా.

ఇదీ కథ. మొన్నటిదాకా.

బెల్లం కొట్టు దగ్గర జనం ఎక్కువగా ఉన్నారు. ఆ వన్‌టౌన్ సందుల్లో నిలబడటానికే చోటుండదు, వెనక నుంచి తోపుడుబండి వాడు అరుస్తుంటాడు, ముందు నుంచి స్కూటర్ తోసుకొస్తుంది. నాకు ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకుతున్నట్టుంది. పిన్ని మాత్రం నల్లబెల్లం గిల్లి, వాసన చూసి, తీరిగ్గా బేరమాడింది. సంచి నా చేతికిచ్చి, కొట్టు పక్కన కాస్త నీడలోకి లాగింది.

"రేపు ఆ కథ చెప్పొద్దే" అంది.

"ఏ కథ?"

"పడుగు కథ."

నేను నవ్వాను. "ఏం పిన్నీ, కోడలి ముందు నామోషీగా ఉందా?"

"పొరపాటు చేసినదానికి నామోషీ ఉంటది. నేను పొరపాటు చెయ్యలా."

నాకు అర్థం కాలేదు. ఆవిడ నావైపు చూడకుండా, ఎదురుగా ఉన్న చింతపండు బస్తాల వైపు చూస్తూ చెప్పింది.

"చిన్న తపేలాకి మూత లేదు. పెద్దదానికి ఉంది. చెంబు పట్టుకున్న మనిషి పొరపాటున పోస్తే మూత లేనిదాంట్లో పోస్తది. నేను మూత తీసి, పోసి, మళ్లీ పెట్టాను. ఇన్నేళ్లూ మీరే కదే ఆ ముక్క చెప్పి చెప్పి నవ్వుతున్నారు. ఒక్కళ్లకన్నా తట్టలేదా?"

తట్టలేదు. ఆ మూత పెట్టడం చేత్తో అభినయించి మరీ చూపించేదాన్ని, నాకూ తట్టలేదు.

"డిగ్రీ మధ్యలో ఉండగా పెళ్లి చేసేశారు. ఆషాఢానికి వెళ్లినప్పుడు మా నాన్నని కాళ్లావేళ్లా పడి బతిమాలాను. చదువయ్యేదాకా ఇక్కడే ఉంటాను నాన్నా అని. వాళ్లంతట వాళ్లు పంపితే ఉండు, నేను మాత్రం నోరు తెరిచి అడగను, పరువు పోద్దన్నాడు. వాళ్లంతట వాళ్లు ఎప్పుడు పంపుతారు? ఈ పిల్ల పనికిరాదనుకుంటే పంపుతారు. పక్కింటి కోడలిని పంపారుగా. మీ ఇంట్లో పడుగు కన్నా పెద్దదేముంది?"

"మరి నవ్వారు" అన్నాను నేను.

"నవ్వారు. తిట్టుంటే ఎదురు చెప్పేదాన్ని. కొట్టుంటే పెట్టె సర్దుకునేదాన్ని. నవ్వితే ఏం చేస్తాం? నేనూ నవ్వాను."

"నాయనమ్మకి తెలుసా?"

"మూత పెట్టిన మనిషి ఆవిడ. లోపలికెళ్లి పొయ్యి చూసొచ్చి నవ్వింది. తెలియకుండా ఉంటదా? ఆ తర్వాత ఎప్పుడు ఆ మూత మాట చెప్పినా ముందు నావైపు చూసి అప్పుడు నవ్వేది. అత్తయ్య చెడ్డదని నేననను. పంపేస్తే నా బతుకేమవుద్దో అని ఆవిడ భయం ఆవిడది. కానీ నీకేం కావాలే అని ఒక్క మాట అడగలా."

నా చేతిలో బెల్లం సంచి జారుతోంది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. నాయనమ్మ మీదా? ఆవిడ లేదు. ఈ మాట ఇన్నేళ్లు దాచుకున్న పిన్ని మీదా? నేను ఒళ్లో పెట్టుకుని ముద్దు చేసిన ఒకే ఒక్క గొప్పని ఇలా బజార్లో నిలబెట్టి లాగేసుకుంటుందా? ఆ కోపంలోనే అడిగాను.

"మరి నేను అరవకపోయుంటే?"

"చీమలు పట్టి పడుగు పోయేది. పంపేవాళ్లేమో, పంపేవాళ్లు కాదేమో. ఎవరికి తెలుసు? ఆకలేసి వేలు నాకావు. పసిపిల్లవి. నిన్నేం అంటాను?" అని, నా చేతిలోంచి సంచి తీసుకుంది. "బాగానే బతికాను. మీ బాబాయి మంచోడు. కొట్టు నా చేత్తోనే నడిపాను. అయినా అప్పుడు వెళ్లాలనుంది, వెళ్లలేదు. బాగా బతికితే అది లేకుండా పోద్దా?"

ఆటో దొరికింది. సందులోంచి బయటికి రావడానికే చాలాసేపు పట్టింది. నేను సీటు చివర కూర్చుని కాళ్లు ఊపుతూ ఉన్నాను.

"కోడలికి ఎందుకు చెప్పొద్దంటున్నావు?" అన్నాను చివరికి.

"ఆ పిల్ల కూడా ఏదో అడగాలనుకుంటుందేమో. మనం ముందే ఈ కథ చెప్పి, చూడు మీ అత్త ఎంత పొరపాటు చేసినా మేం నవ్వేశాం, మేమింత మంచివాళ్లం అని చెప్పామనుకో, ఇంకేం అడుగుద్ది? మంచివాళ్ల దగ్గర నోరు తెరవడం చాలా కష్టమే అమ్మాయ్."

ఆ సాయంత్రం నేను ఇంట్లో ఉండలేకపోయాను. పాలకని చెప్పి బయటపడి, కాలవ వంతెన దాటి, ఇటు తిరిగి అటు తిరిగి, చెప్పులు కరిచి కాళ్లు కోసుకుపోయేదాకా నడిచాను. పాలు మర్చిపోయి వచ్చాను. ఎటు నడిచినా ఆ వీధే గుర్తొచ్చింది. గుమ్మంలో ఖాళీ చెంబుతో నిలబడ్డ మనిషి. ఇన్నేళ్లూ నా కథలో ఆవిడ భయంతో నిలబడింది. తిడతారేమోనని భయం. ఇప్పుడు చూస్తే ఆవిడ ఎదురుచూస్తోంది. తిడతారని, పొమ్మంటారని ఆశగా చూస్తోంది. బ్యారేజీ గాలి గురించి చెబుతూ మధ్యలో ఆగిపోయేది గుర్తుందా అని నన్ను నేనే అడుగుతున్నాను. ఆ గాలి నాకు వినోదం. ఆవిడకి ఇల్లు. ఆవిడ వెళ్లిపోతే నాకు జ్వరం వచ్చేది, అది కూడా నిజమే. ఉండిపోయినందుకు నేను పొందిన సంతోషాన్ని ఎలా వెనక్కి ఇచ్చెయ్యను? ఇవ్వబుద్ధి కావడం లేదు. అదే నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

పొద్దున అందరం హాల్లో చేరాం. కొత్త కోడలు తలస్నానం చేసి, పసుపు రంగు చీర కట్టుకుని, మా తమ్ముడి పక్కన ఒద్దికగా కూర్చుంది. బాబాయి హుషారుగా ఉన్నాడు. గొంతు సవరించుకుని మొదలెట్టాడు. మగ్గం, పడుగు, వీధి, కుంచెలు. ముందు పడుగు తాగాలి, తర్వాతే మనం. ఆ పిల్ల శ్రద్ధగా వింటోంది, ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వుతోంది. మబ్బు దగ్గరికొచ్చాడు. బెల్లం చెంబు దగ్గరికొచ్చాడు.

"ఇక్కడ్నించి మీ వదిన చెప్పాలమ్మా. అసలు సినిమా ఇప్పుడే" అని నావైపు చెయ్యి చూపించాడు.

నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. కూర్చోమంటే కూర్చోలేదు. అందరి మొహాలూ నావైపు తిరిగాయి, నవ్వడానికి సిద్ధంగా.

"నేను చెప్పను బాబాయ్" అన్నాను.

"ఏం, గొంతు పోయిందా?"

"పోలేదు. చెప్పను."

బాబాయి మొహం చిన్నబోయింది. మా తమ్ముడు ఏమైందన్నట్టు కళ్లెగరేశాడు. ఆ పిల్ల నవ్వు మొహంతోనే అలా ఆగిపోయింది, తనవల్ల ఏదైనా తప్పు జరిగిందా అని ఒక్కొక్కరి మొహం వెతుకుతోంది. పిన్ని అడిగిన మాట ఒక్కటి నిలబెట్టాను గానీ, దాని తర్వాత ఏం చెయ్యాలో ఆలోచించలేదు.

సరిగ్గా అప్పుడు పిన్ని వంటింట్లోంచి వచ్చింది. ఒక చేతిలో గంజి తపేలా, ఒక చేతిలో బెల్లం నీళ్ల చెంబు. బల్ల మీద తపేలా పెట్టి, మూత తీసి పక్కన పెట్టింది. అలవాటు ప్రకారం చెంబు వంచబోయి ఆగింది.

"అమ్మాయ్, నీకు తీపి ఇష్టమేనా?"

ఆ పిల్ల ఒకసారి మా తమ్ముడి వైపు, ఒకసారి మామగారి వైపు చూసింది. ఏం చెబితే బాగుంటుందా అని వెతికే చూపు. అది ఎలాంటి చూపో నాకు ముందురోజు మధ్యాహ్నం నుంచే తెలుసు.

"వాళ్ల వైపు చూడకు. నాకు చెప్పు. ఇష్టమా, కాదా?"

"పొద్దున్నే తీపి... నాకు పడదండి అత్తయ్యా."

"అదేంటమ్మా, మొదటి రోజు తీపే తాగాలి" అన్నాడు బాబాయి. "శకునం కదా. నువ్వైనా చెప్పవే" అని పిన్ని వైపు తిరిగాడు.

పిన్ని బెల్లం చెంబు తీసుకెళ్లి దూరంగా అలమరా మీద పెట్టి వచ్చింది. రెండు గ్లాసుల్లో గంజి పోసి, రెంటిలోనూ ఉప్పు వేసి, చెంచాతో కలిపి, ఒకటి కోడలి చేతికిచ్చింది. రెండోది తీసుకుని ఆ పిల్ల పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకూ పడదు" అంది.

"నీకా?" బాబాయి నోరు తెరిచాడు. "ఇన్నేళ్లూ ముందు గ్లాసు నువ్వేగా తాగింది! అంత తియ్యగా!"

"తాగాను. పడుతుందా అని అడిగిందెవరు?"

మాట మెత్తగానే అంది, నవ్వుతూనే అంది. కానీ ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. బాబాయి ఆవిడ మొహం చూసి, తన ఖాళీ గ్లాసు చేతుల్లో తిప్పుకుంటూ ఉండిపోయాడు. ఆ పిల్ల చిన్న గుక్క తాగి, "బాగుందండి" అంది. పిన్ని గ్లాసెత్తి గటగటా చివరిదాకా తాగేసింది. ముందు గ్లాసు తీపిగంజి ఆవిడ ఎప్పుడూ గుక్క గుక్కా, చాలాసేపు తాగేది. మర్యాదగా తాగుతోందని మేం అనుకునేవాళ్లం.

తాగి, మూతి తుడుచుకుని, ఖాళీ గ్లాసు నావైపు చాపింది.

"ఇంకొంచెం పొయ్యవే" అంది.

మా ఇంట్లో గంజి తాగిన ఇన్నేళ్లలో ఆవిడ రెండోసారి అడగడం నేను వినలేదు. తపేలా దగ్గరికి వెళ్లి నిండుగా పోశాను.